వెన్నులో కత్తిపోటు: యాక్సిడెంట్ రూల్స్ ఇక్కడ ఎందుకు పనిచేయవు

2025 జనవరి 16 తెల్లవారుజామున ముంబై బాంద్రాలో నటుడు సైఫ్ అలీ ఖాన్ ఇంట్లోకి ఎవడో దూరి ఆయన్ని కత్తితో పొడిచాడు, మొత్తం ఆరు గాయాలు, అందులో ఒకటి వీపు మీద, సరిగ్గా వెన్నెముక దగ్గర, కత్తి ముక్క లోపలే ఉండిపోయింది. ఆ పరిస్థితిలోనే ఆటో ఎక్కి లీలావతి హాస్పిటల్‌కి వెళ్లారు. డాక్టర్లు ఆపరేషన్ చేసి రెండున్నర అంగుళాల ముక్క బయటికి తీశారు, వెన్నులోంచి కారుతున్న నీరు ఆగేలా సరిచేశారు, 21వ తేదీకల్లా డిశ్చార్జ్ చేసి పంపించారు, మనిషి తన కాళ్ల మీద తనే నడుచుకుంటూ ఇంటికెళ్లాడు. వెంటనే సోషల్ మీడియా నిండా ఒకటే ప్రశ్న, వెన్నులో కత్తి దిగినోడు ఐదు రోజుల్లో ఎలా నడుస్తాడు, ఇదంతా నాటకం కాదా అని.

ఆ అనుమానం రావడం సహజమే. మన ఊళ్లలో వెన్ను దెబ్బ అంటే అందరికీ తెలిసింది రెండే రకాలు, ఒకటి బైక్ యాక్సిడెంట్, రెండోది తాటిచెట్టు మీంచి గీత కార్మికుడు పడిపోవడం. ఆ రెండిట్లోనూ మనిషి నెలల తరబడి మంచం మీదే, చాలామంది మళ్లీ లేవరు. అందుకని వెన్ను అనే మాట వినగానే మనసులో ఆ బొమ్మే వస్తుంది. కానీ కత్తిపోటు వేరే జాతి గాయం. పై నుంచి పడ్డప్పుడు పూస నలిగి ముక్కలై, ఆ ముక్కలు లోపలి నరాల కట్టని నొక్కేసి, చుట్టుపక్కలంతా కమిలి వాచిపోతుంది. కత్తిపోటులో ఎముక చాలావరకు అలాగే నిలబడి ఉంటుంది, దెబ్బంతా కత్తి వెళ్లిన ఆ సన్నటి దారిలోనే. ఈ తేడా బుర్రకెక్కకపోతే పరీక్ష, మందు, ఆపరేషన్ అన్నీ గాడి తప్పుతాయి, సామాన్య జనం సంగతి పక్కనబెడితే క్యాజువాలిటీల్లో కూడా యాక్సిడెంట్ వెన్నుకి చేసేవన్నీ దీనికీ చేసేయడం అనే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ముందు లోపల ఏముందో చూద్దాం. మెడలో 7 పూసలు, ఛాతీ వెనక 12, నడుములో 5, వాటి కింద త్రికం, తోక ఎముక. ఈ పూసల మధ్య గొట్టంలో వెన్నుపాము మెదడు నించి కిందికి దిగుతుంది, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, మందం చూస్తే మన చిటికెన వేలంత. పెద్దవాళ్లలో అది నడుములో మొదటి రెండు పూసల దగ్గరే ఆగిపోతుంది, అక్కడి నించి కిందకంతా గుర్రం తోక లాగా విడివిడి నరాల పోగులు. ఈ పాము చుట్టూ నీరు, ఆ నీటి చుట్టూ డ్యూరా అనే గట్టి పొర, దాని బయట ఎముక.

వెనక వైపు ఎముక పలకలు పెంకుటింటి మీద పెంకులు పరిచినట్టు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి, ముఖ్యంగా ఛాతీ వెనక భాగంలో. వీపు మధ్యలో చేత్తో తడిమితే తగిలే ముళ్లలాంటి ఎముకలు ఉన్నాయి కదా, వాటికి అటూ ఇటూ కాలవలాంటి పల్లం ఉంటుంది, కత్తి మొన సరిగ్గా మధ్యలో పడినా ఆ ముల్లుకి తగిలి పక్కకి జారి ఆ కాలవలోకి వస్తుంది, అక్కడి నించి రెండు పెంకుల మధ్య సందు దొరికితే లోపలికి దిగుతుంది. పక్క నించి ఏటవాలుగా దిగుతుంది కాబట్టి చాలాసార్లు వెన్నుపాములో ఒక సగమే తెగుతుంది. కొన్నిసార్లు పొర మాత్రం చిరిగి, పాము నీటిలో తేలుతూ పక్కకి తప్పుకుని, దానికేమీ కాకుండా నీరొక్కటే కారుతుంది. వెన్నులో కత్తి దిగీ మనిషి నడవగలిగాడంటే దాని వెనక మంత్రమూ లేదు నాటకమూ లేదు, ఉన్నవి కొన్ని మిల్లీమీటర్లు.

దీని గురించి ఎక్కువ అనుభవం ఉన్న దేశం దక్షిణాఫ్రికా. అక్కడ కత్తి దాడులు ఎక్కువ కావడంతో కేప్‌టౌన్ డాక్టర్లు వెన్నుపాము కత్తిపోట్లు 450 కేసులు ఒకచోట చేర్చి 1977లో ప్రచురించారు. అందులో మూడింట రెండు వంతులకి దగ్గరగా ఛాతీ వెనక భాగంలో పడ్డ పోట్లే. కాళ్లు పూర్తిగా చచ్చుబడిపోయినవాళ్లు ఐదుగురిలో ఒకరు, మిగతా అందరిలో ఏదో కొంత మిగిలే ఉంది, సుమారు మూడింట రెండు వంతుల మంది బాగా కోలుకున్నారు. తాటిచెట్టు మీంచి పడ్డవాళ్లతో పోల్చుకుంటే ఈ లెక్క ఎంత తేడాగా ఉందో చెప్పక్కర్లేదు.

సగం తెగినప్పుడు ఏమవుతుంది అనేది వైద్యంలోనే ఒక అందమైన లెక్క, దాన్ని తేల్చిన మనిషి బ్రౌన్ సెకార్. 1817లో మారిషస్ పోర్ట్ లూయిస్‌లో పుట్టాడు, అంటే మన కోరంగి రేవు నించి తెలుగు కూలీలు చెరకు తోటలకి ఓడలెక్కి వెళ్లిన, ఇప్పటికీ ఉగాదికి సెలవిచ్చే ఆ దీవి మనిషే. జంతువుల్లో వెన్నుపాముని సగం కోసి చూసి, తర్వాత మనుషుల్లోనూ అదే కనిపెట్టాడు. సంగతేంటంటే కండరాల్ని కదిలించే తీగలు వెన్నుపాములోకి రాకముందే మెదడు కిందనే అటూ ఇటూ దాటేసుకుని వస్తాయి, కాబట్టి వెన్నులో కుడివైపు తెగితే కుడికాలే పడిపోతుంది. కానీ నొప్పి, వేడి, చలి తెలిపే తీగలు వెన్నుపాములోకి అడుగుపెట్టిన ఒకటి రెండు మెట్లలోనే అవతలి వైపుకి దాటి పైకి వెళ్తాయి, కాబట్టి అదే దెబ్బకి ఎడమకాలికి నొప్పి తెలియదు. కదలిక ఒక కాలికి పోతుంది, నొప్పి ఇంకో కాలికి పోతుంది.

ఇది పరీక్ష చేసేటప్పుడు ఎలా కనిపిస్తుందో చూడండి. రెండు భుజం ఎముకల మధ్య, ముల్లుకి కుడిపక్కన రెండు సెంటీమీటర్ల గాయం, రక్తం పెద్దగా లేదు, బయటికి చూస్తే రెండు కుట్లేసి పంపేయొచ్చు అనిపించేంత చిన్నది. మనిషి ఎడమకాలు తిమ్మిరిగా ఉందంటున్నాడు. డాక్టర్ ఎడమకాలిని పైకెత్తమంటే చక్కగా ఎత్తుతాడు, బలంగానే ఉంది, సరే భయపడ్డాడులే అని అక్కడితో వదిలేస్తే కేసు చెయ్యి జారినట్టే. కుడికాలు ఎత్తమంటే మంచం మీద ఈడుస్తాడు తప్ప లేవదు. పిన్నుతో గుచ్చితే కుడికాలికి చురుక్కుమంటుంది, ఎడమకాలికి ఏదో తాకింది అంటాడే గానీ గుచ్చింది అనడు. ఐస్ ముక్క పెడితే ఎడమవైపు చల్లదనం తెలీదు. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి కుడికాలి బొటనవేలి ఎముక మీద పెడితే ఆ జుమ్మనడం తెలీదు, కళ్లు మూసుకోమని వేలు పైకీ కిందకీ కదిపితే ఎటు కదిలిందో చెప్పలేడు. ఒక పిన్ను, కాస్త దూది, ఒక ట్యూనింగ్ ఫోర్క్, పది నిమిషాలు, ఏ స్కానూ లేకుండానే కుడివైపు సగం తెగిందని తేలిపోయింది. ఇక పిన్నుని కాలి నించి పైకి గుచ్చుకుంటూ వస్తే ఎక్కడ చురుకు మొదలవుతుందో అక్కడ లెవెల్, చనుమొన దగ్గరయితే ఛాతీ నాలుగో నరం, బొడ్డు దగ్గరయితే పదోది, దాన్ని స్కెచ్ పెన్నుతో చర్మం మీదే గీత గీసి టైమ్ రాసిపెట్టాలి. గంటకోసారి మళ్లీ చూడాలి, ఆ గీత పైకి పాకిందంటే లోపల రక్తం గడ్డకట్టి నొక్కుతోందని అనుమానించాల్సిందే, అప్పుడు పరుగు తీయాలి.

అన్ని కేసులూ పుస్తకంలో ఉన్నంత శుభ్రంగా ఉండవు, సగం కంటే ఎక్కువో తక్కువో తెగి కలగాపులగంగా ఉండేవే ఎక్కువ. అందుకే పది కండరాలు అటు పది ఇటు బలం చూసి, చర్మం అంతా స్పర్శ చూసి, ఎ నించి ఇ దాకా గ్రేడ్ ఇచ్చే, అమెరికా వెన్ను గాయాల సంఘం పేరు మీదున్న ఏషియా (ASIA) స్కేల్ వాడతారు. ఇందులో చాలామంది మొహమాటపడి ఎగ్గొట్టే భాగం ఒకటుంది, మలద్వారం దగ్గర స్పర్శ ఉందా, వేలు పెట్టినప్పుడు బిగించగలుగుతున్నాడా అని చూడటం. అక్కడ ఏ కొంచెం మిగిలినా దెబ్బ పూర్తిది కాదు, కోలుకునే ఆశ ఉంది. ఇంకోటి, మొదటి గంటల్లో వెన్నుపాము షాక్‌లో ఉండి రిఫ్లెక్స్‌లన్నీ ఆగిపోతాయి, ఆ టైమ్‌లో చూసి ఇంక జీవితంలో నడవడు అని కుటుంబానికి చెప్పేయడం తొందరపాటు, ఒకసారి చెప్పిన ఆ మాటని తర్వాత వెనక్కి తీసుకోవడం ఎవరివల్లా కాదు.

అయితే ఈ పరీక్షలన్నిటికంటే ముందు ప్రాణం. వీపులో దిగిన కత్తి వెన్ను దగ్గరే ఆగాలని రూలేం లేదు, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరొచ్చు, రక్తం నిండొచ్చు, కిడ్నీకి తగలొచ్చు, మెడలో అయితే పూసల రంధ్రాల్లోంచి మెదడుకి వెళ్లే రక్తనాళం తెగొచ్చు. మెడ పై భాగంలో దెబ్బయితే ఊపిరి ఆడించే కండరం డయాఫ్రమ్‌కి వెళ్లే నరమే పోయి ఊపిరే ఆడదు. బీపీ పడిపోతే అది వెన్ను దెబ్బ వల్ల పడిందా రక్తం పోయి పడిందా అనేది తేల్చుకోవాలి, ఛాతీ ఆరో పూస పైన దెబ్బయితే బీపీ తక్కువ, నాడి కూడా నెమ్మది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది, అదే రక్తం పోతుంటే నాడి పరిగెడుతుంది, ఒళ్లు చల్లబడి చెమటలు పడతాయి. కాళ్లు కదలడం లేదు కాబట్టి బీపీ కూడా వెన్ను వల్లే తగ్గి ఉంటుందిలే అనుకోవడం ప్రాణం తీసే పొరపాటు, రక్తస్రావం లేదని తేలేదాకా రక్తస్రావమే అనుకుని వెతకాలి.

ఇక కత్తి ఇంకా వీపులోనే ఉంటే దాన్ని పీకొద్దు. చూస్తూ ఉండలేక పక్కనున్నవాళ్లు చేసే మొదటి పని అదే, కానీ ఆ కత్తే తెగిన రక్తనాళానికి బిరడాలాగా అడ్డంగా ఉండి ఉండొచ్చు, పీకేటప్పుడు చెయ్యి కొంచెం వంకర తిరిగినా ఇప్పటిదాకా బతికున్న సగం వెన్నుపాము కూడా తెగుతుంది. కత్తి కదలకుండా చుట్టూ గుడ్డలు చుట్టలు చుట్టి పెట్టి, పక్కకి తిప్పి గానీ బోర్లా గానీ పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయాలి. పోలీసు కేసు అవుతుందని ఏ హాస్పిటలూ వెనక్కి పంపడానికి లేదు, పర్మానంద్ కటారా కేసులో 1989లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది, ముందు ప్రాణం కాపాడాలి, కాగితాలు తర్వాత అని. క్యాజువాలిటీలో చొక్కా కోయాల్సి వస్తే కత్తి చేసిన చిరుగు మీంచి కాకుండా పక్క నించి కోసి, ఆ చొక్కాని కాగితం కవర్లో పెట్టి ఉంచితే రేపు కోర్టులో పనికొస్తుంది.

మెడకి కాలర్, బోర్డు మీద కట్టేయడం, ఇవి యాక్సిడెంట్ నించి వచ్చిన అలవాట్లు. అక్కడ ఎముక విరిగి ఊగుతుంటుంది కాబట్టి అవసరం. కత్తిపోటుకి ఎముక ఊగడం చాలా అరుదు. 2010లో అమెరికాలో 45 వేలకి పైగా కత్తి, తుపాకీ గాయాల కేసుల్ని లెక్కేసి చూస్తే అలా కట్టేసి తెచ్చినవాళ్లలో చావులు రెట్టింపు దాకా ఉన్నాయని తేలింది. కట్టడానికి పోయే టైమ్‌లో రక్తం పోతుంది, మెడ గాయం కాలర్ కింద కనపడదు, గొంతులో ట్యూబు వేయడం కష్టమవుతుంది. 2018లో ఈస్ట్ అనే అమెరికా ట్రామా సర్జన్ల సంఘం కూడా ఇలాంటి గాయాలకి కట్టొద్దనే చెప్పింది.

స్కానింగ్ విషయానికొస్తే, కుట్లు వేయకముందే రెండు వైపుల నించి ఎక్స్‌రే, ఇది ఎంత చిన్న గాయమైనా తప్పదు. కత్తి మొన విరిగి పూసలో ఇరుక్కుంటే బయటికి ఏమీ తెలీదు, గాయం మానిపోతుంది, కొన్నేళ్ల తర్వాత దాని చుట్టూ మచ్చ కణజాలం పెరిగో చీము పట్టో కాళ్లు బలహీనపడటం మొదలవుతుంది, అలాంటి కేసులు వైద్య పత్రికల్లో చాలానే ఉన్నాయి. పోలీసులు కత్తి స్వాధీనం చేసుకుంటే మొన పూర్తిగా ఉందా అని డాక్టర్ అడగడంలో తప్పేం లేదు, అడగాలి కూడా. సీటీ స్కాన్‌లో ఎముక, లోహం ముక్క, కత్తి దారి బాగా తెలుస్తాయి, గొట్టం లోపల చిన్న గాలి బుడగ కనిపించిందంటే పొర చిరిగినట్టే. మెడ గాయమైతే రక్తనాళాల సీటీ కూడా. వెన్నుపాము లోపల ఏం జరిగిందో చూపించేది ఎమ్మారై ఒక్కటే, కానీ లోపల లోహం ఉంటే ఎమ్మారై గదిలోకి తీసుకెళ్లొద్దు, వంటింటి కత్తుల స్టీలు చాలావరకు అయస్కాంతానికి అంటుకునే రకమే, లోపలే కదిలితే అంతే సంగతులు.

కత్తిని థియేటర్లోనే, అదీ కళ్లతో చూస్తూ తీయాలి. ఇక్కడ మత్తు డాక్టర్ పడే కష్టం పెద్దగా ఎవరూ చెప్పుకోరు, కత్తి పిడి వీపులో నిలబడి ఉంటే మనిషిని వెల్లకిలా ఎలా పడుకోబెట్టాలి, గొంతులో ట్యూబు ఎలా వేయాలి, అందుకని పక్కకి తిప్పి పడుకోబెట్టే వేస్తారు, లేదా రెండు బల్లలు కాస్త ఎడంగా వేసి ఆ సందులో కత్తి ఉండేలా పడుకోబెట్టి వేస్తారు. తర్వాత సర్జన్ కత్తికి అటూ ఇటూ ఎముక పలకలు కొద్దికొద్దిగా తీసి, పొర కనిపించేదాకా వెళ్లి, వచ్చిన దారిలోనే తిన్నగా, తిప్పకుండా, ఊపకుండా బయటికి లాగుతాడు, ఆ వెంటనే పొరకి సన్నటి కుట్లు.

కత్తి గానీ ముక్క గానీ లోపల లేకపోతే ఆపరేషనే అక్కర్లేని కేసులు చాలా ఎక్కువ. తెగిన వెన్నుపాముని కుట్టి అతికించే విద్య ఇంకా ప్రపంచంలో ఎక్కడా లేదు, కాబట్టి తెగింది కదా తెరిచి చూద్దాం అనడంలో లాభం లేదు. రక్తం గడ్డ గానీ ఎముక ముక్క గానీ నొక్కుతుంటే, బలహీనత గంటగంటకీ పెరుగుతుంటే, నీరు కారడం ఆగకపోతే, చీము పడితే, అప్పుడు తెరవాలి. రాడ్లు స్క్రూలు వేయడం అనేది యాక్సిడెంట్ వెన్నుకి రోజూ చేసేదే అయినా కత్తిపోటులో ఎముక నిలకడగానే ఉంటుంది కాబట్టి ఆ అవసరం రావడం చాలా తక్కువ, ఎందుకు వేస్తున్నారని కుటుంబం అడగాల్సిన ప్రశ్నే.

నీరు కారడం గురించి ఒక మాట. గాయం మీద వేసిన తెల్ల గుడ్డ మీద మధ్యలో ఎర్ర మచ్చ, చుట్టూ తడి వలయం కనిపిస్తే అది వెన్ను నీరు కావచ్చు, లేచి కూర్చుంటే తలనొప్పి పడుకుంటే తగ్గడం ఇంకో గుర్తు. అనుమానం ఉంటే బీటా 2 ట్రాన్స్‌ఫెరిన్ అనే టెస్టు తేలుస్తుంది. చాలావరకు పడుకోబెట్టి గాయం గట్టిగా కుడితే దానంతటదే ఆగుతుంది, ఆగకపోతే నడుములో సన్నటి గొట్టం వేసి కొన్ని రోజులు నీటిని అటు మళ్లిస్తారు, అప్పటికీ కాకపోతే ఆపరేషన్. భయమంతా మెనింజైటిస్ గురించే, అంటే మెదడు, వెన్నుపాము చుట్టూ ఉన్న పొరలకి ఇన్ఫెక్షన్, ఆ దారిలో లోపలికి క్రిములు వెళ్లాయంటే ప్రాణం మీదకొస్తుంది, అందుకే గాయం శుభ్రం చేయడం, యాంటీబయాటిక్, టెటనస్ ఇంజెక్షన్ ఇవి మొదటి గంటల్లోనే పడిపోవాలి.

స్టెరాయిడ్ సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. 1990లో న్యాసిస్ 2 అనే అమెరికా ట్రయల్ తర్వాత వెన్ను దెబ్బ అనగానే మిథైల్ ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించడం ప్రపంచమంతా అలవాటైపోయింది. కిలోకి 30 మిల్లీగ్రాములు ముందు, తర్వాత 23 గంటల పాటు గంటకి కిలోకి 5.4. అరవై కిలోల మనిషికి లెక్కేస్తే మొత్తం 9 గ్రాములు దాటుతుంది, 40 మిల్లీగ్రాముల వయల్స్ లెక్కన 230కి పైగా వయల్స్. ఆ ట్రయల్‌లో తుపాకీ గాయాల వాళ్లని చేర్చుకోలేదు, అది ప్రధానంగా పడిపోయినవాళ్ల మీద, గుద్దుకున్నవాళ్ల మీద చేసింది. పొడిచిన గాయాలకి దీనివల్ల కాళ్లు తిరిగొచ్చిన దాఖలా లేదు, ఇన్ఫెక్షన్లు మాత్రం పెరుగుతాయి, మురికి కత్తి లోపలిదాకా వెళ్లిన మనిషికి రోగనిరోధక శక్తిని పడగొట్టే మందు అంత డోసులో ఇవ్వడం ఎంతవరకు న్యాయం? 2013లో అమెరికా న్యూరోసర్జన్ల గైడ్‌లైన్స్ అసలు ఏ వెన్నుపాము దెబ్బకీ దీన్ని సిఫార్సు చేయం అని రాసేశాయి. దానికి బదులు నిజంగా వెన్నుపాముకి కావాల్సింది రక్తం, ఆక్సిజన్, అందుకే మొదటి వారం సగటు బీపీ 85, 90 మధ్య నిలిచేలా ఐసీయూలో కాచుకోమని అవే గైడ్‌లైన్స్ చెప్పాయి, ఖరీదైన ఇంజెక్షన్ లాగా ఇది బిల్లులో కనపడదు గానీ దృష్టి పెట్టాల్సింది దీని మీదే.

తర్వాత మొదలయ్యేది నెలల పని. రెండో ప్రపంచ యుద్ధం దాకా వెన్ను తెగినవాళ్లు చాలామంది ఏడాది రెండేళ్లలోనే పడక పుండ్లతోటి, కిడ్నీ ఇన్ఫెక్షన్లతోటి చచ్చిపోయేవాళ్లు, 1944లో ఇంగ్లండ్ స్టోక్ మాండవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ రెండు గంటలకోసారి పక్కకి తిప్పించడం, యూరిన్ విషయంలో శుభ్రత, వ్యాయామం పట్టుబట్టి చేయించి ఆ లెక్కే మార్చేశాడు. మన దేశంలో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో యాక్సిడెంట్లో తన వెన్నే దెబ్బతిని, చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసి, 1966లో వెల్లూరు సీఎంసీలో పునరావాస కేంద్రం మొదలుపెట్టింది, చిత్తూరు నెల్లూరు వైపు నించి ఇప్పటికీ మనవాళ్లు అక్కడికే వెళ్తుంటారు. ఇంట్లో నేర్చుకోవాల్సినవి అవే, రెండు గంటలకోసారి తిప్పడం, నాలుగు నించి ఆరు గంటలకోసారి శుభ్రమైన చేతులతో క్యాథెటర్ వేసి యూరిన్ తీయడం, కాలి పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా చూసుకోవడం. ఛాతీ ఆరో పూస పైన దెబ్బ ఉన్నవాళ్లకి ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు, బీపీ ఎక్కడికో పోవడం జరిగితే బీపీ మాత్ర వెతకడం కంటే ముందు లేపి కూర్చోబెట్టి యూరిన్ పైపు మెలికపడిందేమో చూడాలి, చాలాసార్లు నిండిపోయిన మూత్రాశయమే కారణం.

సగం తెగినవాళ్లు మాత్రం చాలామంది నడుస్తారు, కొన్ని నెలల ఫిజియోథెరపీ తర్వాత పడిపోయిన కాలు చాలావరకు తిరిగి బలం పుంజుకుంటుంది, ఊళ్లో అందరూ బాగైపోయాడనుకుంటారు. మిగిలిపోయేది రెండో కాలు, చూడ్డానికి బలంగా, ఏ లోపమూ లేనట్టుండే ఆ కాలికి వేడి తెలీదు, నొప్పి తెలీదు. చెప్పులో రాయి దూరినా, మేకు గుచ్చుకున్నా సాయంత్రం చెప్పు విప్పి రక్తం చూసేదాకా తెలీదు. బండి సైలెన్సర్‌కి తగిలి చర్మం కాలుతున్నా కాలు వెనక్కి తీయాలని అనిపించదు. స్నానానికి బకెట్‌లో నీళ్లు తోడుకున్నప్పుడు ముందు చెయ్యి పెట్టి చూసుకోవాలి, రోజూ పడుకునే ముందు ఆ అరికాలిని అద్దంలో చూసుకోవాలి, డిశ్చార్జ్ రోజు మందుల చీటీ చేతిలో పెట్టేటప్పుడు ఈ రెండు ముక్కలు చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు.